వదిన చేసిన గుర్రం

మా వదినకు జంతువులంటే గిట్టదు. వీధిలో కుక్క ఎదురైతే అవతలి వైపుకు దాటిపోయేది. మేడమెట్ల మీద పిల్లి పడుకుని ఉంటే, అది తనంతట తాను లేచి వెళ్ళేదాకా తడిబట్టల బకెట్టుతో కిందే నిలబడేది. ఒకనాడు వంటింట్లో బల్లి కనిపించిందని ఆ గది గడప తొక్కలేదు. ఆ పూట వంట నేను చేశాను. అది తిన్న మా అన్నయ్య మర్నాడు పొద్దున్నే చీపురు పుచ్చుకుని బల్లిని స్వయంగా సాగనంపాడు.

అలాంటి మనిషి జీవితమంతా జంతువులను చేసి బతికింది. హంసలు, పాములు, చిరుతలు, తూనీగలు, తాబేళ్ళు, అన్నీ బంగారంవి. గొప్పింటి ఆడవాళ్ళ భుజాల మీద, మణికట్ల మీద ఎక్కి తిరిగాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆమెను కరవలేదు, గీరలేదు. ఒక్క గుర్రం మాత్రం మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆమె పనిచేసే నగల కార్ఖానా ఒక గొడుగుల దుకాణం పైన ఉండేది. ఇరుకు చెక్కమెట్లు ఎక్కగానే ముందుగది. అందులో వచ్చిపోయేవాళ్ళకు రెండు మెత్తటి కుర్చీలు, ఒక నిలువుటద్దం, ఒక గోడగడియారం. దాని వెనక పనిగది. కిటికీల వారన వరసగా బల్లలు. ఒక్కో బల్ల అంచును అర్ధచంద్రంలా కోసి, రాలే బంగారు రజను నేలపాలు కాకుండా కింద తోలుసంచీ కట్టేవారు. అన్నిటికన్నా మంచి వెలుతురు పడే చోట బొమ్మల బల్ల. నగలో జంతువు ఉంటే అది ముందు పుట్టేది అక్కడే, మైనంలో. ఆ మైనం బొమ్మ చుట్టూ మెత్తని సుద్దముద్ద పోసి, గట్టిపడ్డాక కొలిమిలో పెడితే లోపలి మైనం కరిగి కారిపోతుంది. అది వదిలిపోయిన ఖాళీలో బంగారం పోస్తారు. మైనంలో పొరపాటు చేస్తే బంగారంలోనూ అదే పొరపాటు మెరుస్తుంది.

మా వదిన కూర్చునేది ఆ వెలుతురులో కాదు. అన్నిటికన్నా వెనక గదిలో, మెరుగు పెట్టేవాళ్ళ దగ్గర. ఆమెది దారం మెరుగు. గోడ మేకుకు జడలా కట్టిన నూలుదారాలకు ఎర్రటి మెరుగుముద్ద రాసి, నగలోని సన్నని సందుల్లోంచి దూర్చి, ముందుకూ వెనక్కూ లాగాలి. కుంచె వెళ్ళలేని చోటికి దారం వెళుతుంది. ఖరీదైన నగకు వెనకవైపు కూడా ముందువైపంత నునుపుగా ఉండాలని కార్ఖానా యజమాని పట్టు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన పట్టు పుణ్యమా అని మా వదిన ఏళ్ళ తరబడి చూసినవన్నీ చిరుతల చంకలు, హంసల కడుపులు, పాముల గొంతు లోపలివైపులు.

"అందరూ జంతువును ముఖం చూసి గుర్తుపడతారు మరిదీ. నేను చంక చూసి గుర్తుపడతాను," అనేది.

"ఎంత అదృష్టం వదినా!"

"రోజూ నీ ముఖం చూస్తూ అన్నం తినడం కన్నా అదృష్టమే."

నేను అప్పట్లో అన్నయ్య ఇంట్లోనే ఉంటూ, బస్సులు ఆగే చోట ఒక మెట్లకింది గూట్లో వాచీలు బాగుచేసేవాణ్ణి. అన్నయ్యది రైలు టికెట్ల కౌంటరు. రోజంతా జనంతో మాట్లాడి, ఇంటికొచ్చాక మాటలు పొదుపు చేసుకునేవాడు. అందుచేత ఇంట్లో మాటల బాధ్యతంతా వదినా నేనూ మోసేవాళ్ళం.

పెద్దాయనకు నగల్లోని జంతువుల చరిత్ర నోటికి వచ్చు. సాయంత్రం పని సర్దుకునే వేళ బల్లల మధ్య తిరుగుతూ చెప్పేవాడు. ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఇంకొకటి నుదుటి మీద. రెండోది ఎందుకని అడిగితే మొదటిదాన్ని వెతుక్కోవడానికి అనేవాడు.

"ఎడారి రాజులు పేడపురుగును ఉంగరంలో పొదిగించుకున్నారమ్మా. పొద్దున్నే సూర్యుణ్ణి దొర్లించుకొచ్చే దేవుడు అలాగే ఉంటాడని వాళ్ళ నమ్మకం. తరవాత సింహం తలల కడియాలు. అవి లేకపోతే చేతికి బలం లేదనుకున్నారు. ఒక మహారాణి పెళ్ళి ఖాయమైనప్పుడు వేలికి పాము తొడిగించుకుంది. పామంటే తెగని ప్రేమ అని అర్థమట. తూనీగలు, సీతాకోకచిలుకలు వచ్చాయి. చివరికి ఆడవాళ్ళు ఎవరి తోడూ లేకుండా నడవడం మొదలుపెట్టాక చిరుత వచ్చింది. మనిషి తానేమిటో దాన్ని పెట్టుకోడు. ఏమవ్వాలనుకుంటాడో దాన్ని పెట్టుకుంటాడు."

"మరి గాడిదను ఎవరూ పెట్టుకోలేదాండీ?" అని అడిగిందట మా వదిన, దారాలు విప్పుతూ.

"ఎందుకమ్మా? ఇంటికొకటి ఉండనే ఉంటుందిగా."

ఆ మాట ఇంటికొచ్చి చెబుతూ ఆమె అన్నయ్య వైపు చూడలేదు. నా వైపే చూసింది.

ఇంతలో బొమ్మల బల్ల దగ్గరి ముసలాయన కళ్ళు మసకేసి పని మానుకున్నాడు. బల్ల ఖాళీ అయింది. దాని ముందు పెద్దాయన మేనల్లుడు కూర్చున్నాడు. మనిషి మంచివాడు, నవ్వుముఖం, అందరికీ సాయం చేసేవాడు. ఒకటే లోపం. ఏ జంతువును చెక్కినా దానికి వాళ్ళ మేనమామ ముక్కు వచ్చేది. చిరుతకు వస్తే సరిపెట్టుకోవచ్చు. హంసకు కూడా వచ్చేది.

ఆ బల్ల మీద మా వదినకు కన్ను పడింది. కన్ను పడటమంటే మామూలుగా కాదు. ఎడారిలో పోయేవాడికి నీళ్ళకుండ మీద పడ్డట్టు. పారేసిన మైనం ముక్కలు పోగుచేసుకుని, భోజనాల వేళ గొడుగుల దుకాణం వెనక కూర్చుని చెక్కడం మొదలుపెట్టింది. నా దగ్గరికి వాచీ ఇచ్చిన పళ్ళ డాక్టరును బతిమాలి, ఆయన పాత పనిముట్లు తెచ్చిపెట్టాను. పంటిలో పుచ్చు తీసే కొక్కేనికి మించినది మైనం పనికి లేదు. కొన్నాళ్ళకు ఒక తాబేలు తయారైంది. పట్టుకెళ్ళి పెద్దాయన అరచేతిలో పెట్టింది.

ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి ముందు కడుపు చూశాడు.

"కడుపు బాగుందమ్మాయ్."

"నాకు తెలిసింది అదేనండి. బొమ్మల బల్ల ఇప్పించండి, ముఖాలూ నేర్చుకుంటాను."

"మెరుగు పెట్టేవాళ్ళు బొమ్మల బల్లకు రావడం ఈ కొట్లో లేదు."

"ఈ మేడ కూడా ఒకప్పుడు లేదండి. గొడుగులాయన దుకాణం మీద మీరే కట్టించారు కదా."

పెద్దాయన నుదుటి మీది కళ్ళజోడు దించి ఆమెను చూశాడు. తాబేలును తిరిగివ్వలేదు.

ఆ మీదట మేనల్లుడికి గవదబిళ్ళలు వచ్చాయి. బుగ్గలు రెండూ పొంగి మనిషి మంచం పట్టాడు. ఈయన్నే ఇప్పుడు ఎవరైనా చెక్కితే బాగుండు అని నేనంటే వదిన నవ్వలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే గుర్రాలావిడ నుంచి ఆర్డరు వచ్చింది. పందెపు గుర్రాలను పెంచే ఆవిడ. తన గుర్రం ఆ ఏడు పెద్ద కప్పు గెలిచింది. బహుమతులిచ్చే రోజున కోటుకు గుచ్చుకునే బ్రోచిగా అదే గుర్రం ఉండాలి. ఫోటో పంపింది. అందులో ఆవిడ ఉంది, కప్పు ఉంది, ఆవిడ టోపీ ఉంది. టోపీ వెనకాల గుర్రం ముక్కూ ఒక చెవీ ఉన్నాయి.

మా వదిన దారాలు వదిలేసి ముందుకొచ్చింది. పెద్దాయన చాలాసేపు గీరుకున్న గడ్డం మళ్ళీ గీరుకుని షరతు పెట్టాడు.

"ఆవిడ నీ గుర్రాన్ని తీసుకుంటే బల్ల నీది. తీసుకోకపోతే మళ్ళీ దారాల దగ్గరికి వెళ్ళు, ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తకు. ఆలోచించుకుని చెప్పు."

"సరేనండి."

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య గ్లాసు కింద పెట్టి, "ఆలోచించుకున్నావా?" అన్నాడు.

"ఆలోచిస్తే సరేననేదాన్నా?"

ఇప్పుడు గుర్రం కావాలి. బ్రోచి అంటే పలక మీద గీసిన బొమ్మ కాదు. పక్కటెముకలు ఎక్కడ వంపు తిరుగుతాయో, తొడ ఎక్కడ లోపలికి పోతుందో తెలియాలి.

"గుర్రాలశాలకు వెళ్ళి చూడొచ్చు కదా వదినా. ఆవిడ కాదంటుందా?"

"దూరం నుంచా, దగ్గర నుంచా?"

"దగ్గర నుంచే."

"అయితే వద్దు."

మా వీధి చివర ఇటుకల బట్టీ ఉంది. దానికి ఎత్తైన గోడ ఉంది. గోడకు ఆవలివైపు ఇటుకలు మోసే గాడిదలు ఉన్నాయి. వదినకు అన్నిటికన్నా నచ్చింది ఆ గోడ. సెలవు రోజు పొద్దున్నే నేను స్టూలు పట్టుకునేవాణ్ణి, ఆమె స్టూలెక్కి గోడ మీంచి తల పెట్టి చూస్తూ, అరచేతిలో మైనాన్ని నొక్కుతూ ఉండేది. గాడిదల్లో ఒక బూడిదరంగు ముసలిది ఎప్పుడూ గోడ నీడలోనే నిలబడేది. అది నన్ను చూసి నవ్విందని నేనంటాను. వదిన కాదంటుంది. స్టూలు మీదున్నది ఆమె, చూసింది నేను గోడ కంతలోంచి.

"నాలుగు కాళ్ళు, నాలుగు డెక్కలు, ఒక తోక," అంది వదిన. "చెవులు కురచ చేసి, మెడ సాగదీసి, జూలు పెంచితే గుర్రమేగా. ఎముకలు ఎముకలే."

బట్టీవాడొకడు ఇటు వచ్చాడు. "ఏంటమ్మా, మా గాడిదను చూస్తున్నారు?"

"దాన్ని చూసి గుర్రం చేస్తున్నామండి," అన్నాను నేను కింది నుంచి.

"చెయ్యండి చెయ్యండి. మేమూ చాలా ఏళ్ళుగా అదే ప్రయత్నంలో ఉన్నాం."

బొమ్మ పూర్తయింది. బొటనవేలంత ఉంది. కురచ చెవులు, అలలు తీరిన జూలు, పొడుగాటి తోక. వదిన దాన్ని భోజనాల బల్ల మీద, నీళ్ళ గ్లాసు పక్కన నిలబెట్టింది. అన్నయ్య వంగి చూశాడు. అటువైపు వెళ్ళి కూడా చూశాడు. ఆ వారానికి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి తీసి వాడాడు.

"గాడిద బాగుంది."

నాకు నవ్వాగలేదు. వదిన ముఖం చూశాక ఆగింది.

మర్నాడు పెద్దాయన భూతద్దం పెట్టి చూశాడట. "ఒళ్ళు గుర్రమేనమ్మాయ్. మనసే గాడిద," అన్నాడట. నిజమే. మూడు కాళ్ళ మీద బరువు వేసి, నాలుగోదాన్ని తేలిగ్గా వదిలేసి, తల కాస్త దించి, ఈ బరువు దించేదెప్పుడో అని తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు నిలబడి ఉంది. పందెం గెలిచిన గుర్రం అలా నిలబడదు.

వదిన దాన్ని దిద్దింది. మెడ పైకెత్తింది. మెడ ఎత్తిన గాడిద అయింది. నడుము తీర్చింది. కోపమొచ్చిన గాడిద అయింది. గీకినకొద్దీ అది మరింత మొండికేసింది. రెండు మూడు రోజులు ఇంట్లో ఎవ్వరం గాడిద అనే మాట ఎత్తలేదు. నన్ను తిట్టాల్సి వచ్చినా వేరే మాట వెతుక్కున్నారు.

ఒక సాయంత్రం ఆమె పనిముట్లు తుడిచి పెట్టేసి, "చెవులు పెంచుతాను," అంది.

"ఏంటీ?"

"గాడిద చెవులే పెడతాను. దీన్ని గుర్రమని బుకాయించి బంగారం పోయించలేను మరిదీ. చూడు ఎలా నిలబడిందో. నా చేతుల్లోంచి మొదటిసారి ఒక ప్రాణి వచ్చి నిలబడితే, నువ్వు ఇది కాదు అది అని రోజూ గీకుతున్నాను."

"బల్ల సంగతి?"

"బల్ల కోసమే కదా. తప్పుడు గుర్రంతో ఎక్కితే రేపు అదే బల్ల ముందు ఏ ముఖం పెట్టుకుని కూర్చోను?"

పెద్దాయన దగ్గర ఇదే మాట చెప్పింది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఆవిడ గుర్రం అడిగింది తల్లీ!"

"సగం గుర్రాన్ని ఇస్తే ఆవిడ మీ కొట్టును చూసి నవ్వుతుందండి. నిండు గాడిదను ఇస్తే నన్ను తిడుతుంది. నన్నే తిట్టనివ్వండి."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధిలోకి చూసి, తిరిగొచ్చాడు. "బంగారం మళ్ళీ కరిగించుకోవచ్చు. నీ మొండితనం ఎలాగూ కరగదు. కానివ్వు."

కానీ బంగారం ఒప్పుకోలేదు. గాడిద చెవులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి కదా. అచ్చులో బంగారం ఒంట్లోకి, కాళ్ళలోకి చక్కగా దిగేది. చెవుల కొసలకు చేరకముందే చల్లారిపోయేది. మొదటిసారి అచ్చు పగలగొట్టి చూస్తే ఎలుకచెవులు వచ్చాయి, ఒక కాలూ విరిగింది. మైనం ఒకసారి కరిగితే బొమ్మ పోయినట్టే. వదిన మొదటి నుంచీ మళ్ళీ చెక్కింది. మళ్ళీ అదే నిలకడ, అదే దించిన తల. ఈసారి కావాలనే. రెండోసారి ఒళ్ళు పొల్లుపోకుండా వచ్చింది. చెవులు మాత్రం రాలేదు.

"వదిలెయ్యమ్మా. బంగారానికే గిట్టడం లేదు," అన్నాడు పెద్దాయన.

వదిన వదిలే రకమా? చెవులు విడిగా రేకుతో కొట్టి అతికిద్దామనుకుంది. అతకబోతూ ఆగిపోయింది. ఒకప్పుడు మెరుగుకు వచ్చిన పాతకాలపు సీతాకోకచిలుక బ్రోచి ఆమెకు గుర్తొచ్చింది. దాని రెక్కలు ఒంటికి అతికి ఉండవు. కనిపించని స్ప్రింగుల మీద నిలబడి, పెట్టుకున్నావిడ ఊపిరి తీసినా వణికేవి. కొవ్వొత్తుల వెలుగులో నాట్యాలాడే రోజుల్లో రాళ్ళు తళతళలాడాలని అలా చేసేవారని పెద్దాయన చెప్పాడు. ఆ రెక్కల కింద దారం దూర్చి తోమింది వదినే.

మధ్యాహ్నం ఎండలో నా గూటి ముందుకొచ్చి నిలబడింది.

"మరిదీ, నీ దగ్గర వణికేది ఏదైనా ఉందా?"

"నువ్వు అరిస్తే నేనే వణుకుతాను వదినా."

"నువ్వు బ్రోచిలో పట్టవు. ఇంకేదైనా చూడు."

ఆడవాళ్ళ చేతివాచీల్లో ఉండే వెంట్రుకంత స్ప్రింగులు రెండు వెతికి తీశాను. వాటి సన్నదనం చెబితే నమ్మరు. వీధికి అటువైపు ఎవరైనా తుమ్మితే నా గూట్లో అవి అరగంట కదిలేవి. ఆమె వాటిని కాగితంలో మడిచి, ఊపిరి బిగబట్టుకుని నడిచి వెళ్ళింది.

గుర్రాలావిడ రావలసిన రోజున ముందుగదిలో గోడగడియారం ఆగిపోయిందని పెద్దాయన నాకు కబురు పంపాడు. దాన్ని ఎవరు ఆపారో నాకు ఈనాటికీ అనుమానమే. గడియారం తలుపు తీసి చూస్తే లోలకానికి ఎర్రటి మెరుగుముద్ద వేలిముద్ర ఉంది.

ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, పొడుగాటి గొంతు. కుర్చీలో కూర్చోకుండానే పెట్టె తెరిచింది.

"ఇదేంటి?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. వదిన తలుపు దగ్గర నిలబడి చేతులు గుడ్డతో తుడుచుకుంటోంది. స్కూల్లో టీచరు ముందు నిలబెట్టిన పిల్లలా ఉంది, కానీ తల దించలేదు.

"గాడిదండీ."

"అది నాకూ కనబడుతోంది. నేను గుర్రం అడిగాను."

"అడిగారండి. గుర్రం చెయ్యబోతే నా చేతికి ఇది వచ్చింది. గుర్రమని అబద్ధమాడటం ఇష్టం లేక, దాన్ని దానిలాగే పూర్తి చేశాను."

"అంటే నన్ను చూస్తే మీ అందరికీ గాడిద గుర్తొచ్చిందన్నమాట!"

"లేదండి. అప్పటికి నేను మిమ్మల్ని చూడనే లేదు."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ బ్రోచి చేతిలోకి తీసుకుని ఆయన ముఖం ముందు ఆడించడం మొదలుపెట్టింది. ఇంత పేరున్న కొట్టు, ఇన్నేళ్ళ పరిచయం, రేపు పదిమందిలో నేనేం పెట్టుకోను అని గుక్కతిప్పుకోకుండా దులిపింది. దులుపుతూ దులుపుతూ ఆగిపోయింది. చేతిలో గాడిద చెవులు కదులుతున్నాయి. ఆవిడ ఆగితే అవీ మెల్లగా ఆగాయి.

"ఏంటిది? వింటోందా?"

ఆవిడ దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఆ కొట్లో జంతువులన్నీ ఎదుటివాళ్ళ వైపు చూసేలా చేసేవారు. వదిన దీన్ని పెట్టుకున్న మనిషి ముఖం వైపు తిప్పి చేసింది.

"నీకు బుద్ధి లేదూ?" అని అడిగింది దాన్ని, చిన్న గొంతుతో.

చెవులు రెండూ లేదు లేదన్నట్టు ఊగాయి.

ఆవిడ నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. ఆ పొడుగాటి గొంతులోంచి వచ్చిన నవ్వు గుర్రం సకిలింపులా ఉందని నేను పైకి అనలేదు, అందుకు నన్ను మెచ్చుకోవాలి.

"ఎడమ చెవి కాస్త ఆలస్యంగా కదులుతోందేం?"

వదిన నా వైపు చూసింది. నేను గడియారం మీంచి తల తిప్పాను. "రెండు స్ప్రింగులూ రెండు వాచీలవండి. కుడిది ఒక తొందర మనిషిది. ఎడమది ఒక నిదానస్థురాలిది."

"మా శాలనిండా గుర్రాలున్నాయి," అందావిడ అద్దం ముందు నిలబడి, బ్రోచిని కోటుకు గుచ్చుకుంటూ. "పేరు పెట్టి పిలిస్తే ఒక్కటి ఇటు తిరగదు. ఇంట్లో మనుషులూ అంతే. నా మాట వినేది ఇదొక్కటే దొరికింది. దీన్ని ఇవ్వను." మళ్ళీ గొంతు మారింది. "కానీ గుర్రం గుర్రమే. బహుమతుల రోజుకు అదీ కావాలి. మళ్ళీ గాడిద వచ్చిందంటే మాత్రం ఊరుకోను."

"రాదండి," అంది వదిన.

"ఎలా రాదు?"

వదిన చేతిలోని గుడ్డను పక్కన పెట్టింది. "ఈసారి వచ్చి మీ గుర్రాన్ని పట్టుకు చూస్తాను."

నా చేతిలోని గడియారం తాళంచెవి కిందపడింది.

ఆవిడ మెట్లు దిగాక పెద్దాయన మెల్లగా అన్నాడు. "బల్ల కావాలంటే గుర్రం అన్నానమ్మాయ్. గాడిద అనలేదు."

"తెలుసండి. నేనూ గుర్రానికే ఒప్పుకున్నాను."

శాల దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్ళింది. లోపల గడ్డి వాసన, తోలు వాసన. గుర్రాలను చూసుకునే మనిషి గెలిచినదాన్ని బయటికి తెచ్చాడు. నల్లగా, నున్నగా, ఇద్దరు మనుషులెత్తు ఉంది. సరే, ఒకటిన్నర. వదిన గుమ్మంలోనే నాటుకుపోయింది.

"మరిదీ, నువ్వు ముందు వెళ్ళు."

"వాచీలు బాగుచేసుకునేవాణ్ణి వదినా. నాకు చేతులు కావాలి."

"నాకూ చేతులే కావాలి."

ఆమె చేతిసంచీ నాకిచ్చింది. రెండు అరచేతులూ పొడిగా తుడుచుకుంది. గుర్రం ముఖం వైపు చూడనే లేదు. పక్కనుంచి వెళ్ళి, ముందుకాలి వెనక, చంక కిందికి చెయ్యి పోనిచ్చి కళ్ళు మూసుకుంది. గుర్రాలాయన కంగారుపడ్డాడు. "అమ్మా, అందరూ ముందు మెడ నిమురుతారు."

"నాకు ఇటునుంచే తెలుసు."

గుర్రం చర్మం ఈగ వాలినట్టు ఒక్కసారి జలదరించింది. ఆమె ఒళ్ళంతా దానితో పాటే జలదరించింది, నేను చూశాను. చెయ్యి మాత్రం తియ్యలేదు. చంక నుంచి కడుపుకు, కడుపు నుంచి వెనకతొడ లోపలికి, దారం పోయినట్టు నిదానంగా పోనిచ్చింది. నెమ్మదిగా భుజం మీదికి వచ్చింది, మెడ మీదికి వచ్చింది. అప్పుడు కళ్ళు తెరిచింది. గుర్రం కూడా తల తిప్పి ఆమెను చూసింది. ఇద్దరూ ఒకరినొకరు భరించారు.

"దీని ఒంటినిండా స్ప్రింగులే మరిదీ," అంది. "గాడిద బరువు కిందికి వేస్తుంది. ఇది అసలు నేల మీద నిలబడటం లేదు. నిలబడినట్టు నటిస్తోంది."

ఆమె అక్కడే గడ్డిమోపు మీద కూర్చుని మైనం తీసింది. మధ్యమధ్య లేచి వెళ్ళి మళ్ళీ చెయ్యి పెట్టి వచ్చేది. మూడోసారికి గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. తర్వాతి సెలవు రోజుల్లో నన్ను రమ్మని పిలవను కూడా లేదు.

గుర్రం తయారయ్యాక మళ్ళీ భోజనాల బల్ల మీద, అదే నీళ్ళ గ్లాసు పక్కన నిలబెట్టింది. నేను నోరు తెరవబోతే వేలు చూపించింది. అన్నయ్య వంగి చూశాడు. అటు వెళ్ళి చూశాడు. గ్లాసును కాస్త దూరం జరిపాడు, అది ఎక్కడ దూకుతుందోనన్నట్టు.

"గుర్రం బాగుంది."

వదిన కుర్చీలో కూలబడి, చల్లారిన అన్నం అంతా తినేసింది.

గుర్రాలావిడ బంగారు గుర్రాన్ని చూసి వెంటనే కోటుకు కుడివైపు గుచ్చుకుంది. ఎడమవైపు గాడిద ముందే ఉంది. పెద్దాయన వెనక గదిలోకి వచ్చి, "లేమ్మా, నీ చోటికి నడువు," అన్నాడు. మేనల్లుడి బుగ్గలు అప్పటికి తగ్గాయి. ముందుగదిలో కుర్చీల దగ్గర నిలబడి వచ్చేవాళ్ళను నవ్వించే పని అతనికి అప్పగించారు. అందులో అతన్ని మించినవాడు లేడని తరవాత తేలింది.

వదిన లేచింది. లేస్తూ మేకుకున్న దారాల జడను విప్పుకుని, మెరుగుముద్ద డబ్బా చంకన పెట్టుకుని, పనిగదిలోకి నడిచింది. బొమ్మల బల్ల అంచుకు తనే ఒక మేకు కొట్టి, జడను దానికి కట్టింది.

"ఇక నీకు దారాలెందుకమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"నేను చేసిన వాటి చంకలు ఇంకొకరికి వదలనండి," అని కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.